గిట్ కమాండ్ పేజీని మెరుగుపరచడం ఎలా: తడబడిన వాక్యం నుంచి ప్యాచ్ దాకా

గిట్ అంటే ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే పనిముట్టు. దాని కమాండ్ పేజీని, అంటే ఒక్కో కమాండ్ ఏం చేస్తుందో చెప్పే సహాయ పేజీని, ఎవరూ తీరిగ్గా కూర్చుని చదవరు. ఏదో చెడిపోయాక, లేదా చెడిపోతుందేమోనని వేలు ఎంటర్ మీద ఆగిపోయాక తెరుస్తారు. ‘గిట్ రీసెట్ --హార్డ్’ కొడితే పొద్దున్నించి రాసింది ఉంటుందా, పోతుందా? ఆ క్షణంలో వాళ్లకి కావలసింది అదొక్కటే. జవాబు పేజీ మొదట్లోనే దొరక్కపోతే తప్పు పేజీది. దాన్ని సరిచేయడానికి సీ భాషలో ఆరితేరనక్కర్లేదు. భీమవరంలోనో అమలాపురంలోనో బీటెక్ చదువుతూ రోజూ గిట్ వాడేవాళ్లెవరైనా చేయగలరు. ఓపిక ఉండాలి, ప్రతి మాటనీ కొట్టి చూసే అలవాటు ఉండాలి, చిన్న మార్పు దగ్గర ఆగగలగాలి. చాలామంది ఆగలేనిది ఈ చివరిదాని దగ్గరే.

కమాండ్లనీ ఫైలు పేర్లనీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాం. టెర్మినల్లో మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి.

1. సోర్సు, పనిముట్లు

గిట్ సోర్సు కోడులోనే ‘డాక్యుమెంటేషన్’ అనే డైరెక్టరీ ఉంటుంది. ప్రతి కమాండుకీ అందులో ఒక ఫైలు. గిట్ యాడ్‌ది ‘గిట్-యాడ్.ఎడాక్’. 2025 మార్చిలో వచ్చిన 2.49 వెర్షన్‌కి ముందు వీటి పేర్ల చివర ‘.టీఎక్స్‌టీ’ ఉండేది. పాత వ్యాసాలు ఆ పేర్లే చెబుతాయి కాబట్టి వెతికితే దొరకలేదని కంగారు పడకండి. ఒక పేజీ పాత చరిత్ర చూడాలంటే ‘గిట్ లాగ్ --ఫాలో’ వాడాలి. లేకపోతే పేరు మారిన చోటే చరిత్ర ఆగిపోతుంది.

గిట్ 2005 ఏప్రిల్‌లో మొదలైంది. ఇరవై ఏళ్ల చరిత్ర దించుకోవడమంటే డేటా బాగానే ఖర్చవుతుంది. రాజోలు పక్క పల్లెలో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తున్నారా? ‘గిట్ క్లోన్ --ఫిల్టర్=బ్లాబ్:నన్’ అని ఇవ్వండి. కమిట్ల, అంటే నమోదైన మార్పుల, చరిత్ర మొత్తం వస్తుంది, పాత ఫైళ్ల లోపలి పాఠం మాత్రం అవసరం పడినప్పుడే దిగుతుంది. ‘--డెప్త్=1’ ఇంకా తేలిక. కానీ అప్పుడు, ఏ వరస ఏ కమిట్‌లో వచ్చిందో చూపే ‘గిట్ బ్లేమ్’ ప్రతి వాక్యాన్నీ ఆ ఒక్క కమిట్‌కే అంటగడుతుంది. ఒక వాక్యం ఎందుకు అలా ఉందో తెలియకుండా దాన్ని మార్చడం మంచిది కాదు. చాలాసార్లు ఆ వంకర వెనక ఒక బగ్ రిపోర్టు ఉంటుంది. ఫిల్టర్‌తో క్లోన్ చేసినవాళ్లు బ్లేమ్ నడిపేటప్పుడు నెట్ ఉండేలా చూసుకోండి, అది పాత పాఠాన్ని అప్పటికప్పుడు దించుకుంటుంది.

ఈ ఫైళ్లు ఆస్కీడాక్ అనే మార్కప్‌లో ఉంటాయి. వాటిని పేజీగా మార్చడానికి ‘ఆస్కీడాక్’ గానీ ‘ఆస్కీడాక్టర్’ గానీ కావాలి. టెర్మినల్లో తెరుచుకునే మ్యాన్ పేజీలు కూడా కావాలంటే ‘ఎక్స్‌ఎంఎల్‌టూ’ ఉండాలి. ఉబుంటులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆస్కీడాక్టర్ ఎక్స్‌ఎంఎల్‌టూ మేక్’ సరిపోతుంది. ఒక్క పేజీనే తయారుచేసి చూడాలంటే:

‘మేక్ -సి డాక్యుమెంటేషన్ యూజ్_ఆస్కీడాక్టర్=1 గిట్-యాడ్.హెచ్‌టీఎంఎల్’

ఇందులో ‘-సి’ పెద్ద అక్షరం. ‘యూజ్_ఆస్కీడాక్టర్’ మరిచిపోతే మేక్ పాత ఆస్కీడాక్ కోసం వెతుకుతుంది, అది లేకపోతే కమాండ్ దొరకలేదని ఆగిపోతుంది.

కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా విండోస్ ఉంటుంది. అక్కడ, విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు పెట్టుకుని, క్లోన్‌ని సీ డ్రైవులో కాకుండా లినక్స్ వైపు హోమ్ డైరెక్టరీలో ఉంచండి. సీ డ్రైవులో పెడితే పని నత్తనడక నడుస్తుంది. పైగా విండోస్ ఎడిటర్ వరస చివరల్ని మార్చేస్తే, మీరు మార్చింది ఒక్క మాటే అయినా తేడాలు చూపే డిఫ్‌లో ఫైలంతా ఎర్రగా కనిపిస్తుంది.

2. పేజీని ఎంచుకోవడం

మీకు నచ్చని పేజీని కాదు, జనం తరచుగా తెరిచే పేజీని పట్టుకోండి. గిట్ స్టాష్, గిట్ రిస్టోర్, గిట్ రీసెట్, గిట్ పుల్ లాంటివి. ఎవరూ ముట్టుకోని ప్లంబింగ్ కమాండ్ (స్క్రిప్టులు లోపల వాడుకునే కమాండ్) పేజీని ఎంత అందంగా దిద్దినా చదివేది పదిమందే.

ఆ పేజీని మీకంటే ముందు ఎవరైనా దిద్దుతున్నారేమో చూడండి. 2025లో గిట్ యాడ్, గిట్ చెకౌట్, గిట్ రీబేస్ లాంటి పేజీల మొదటి పేరాలు సులువైన మాటల్లోకి మారాయి. మీ లాప్‌టాప్‌లో ఉన్న పాత పేజీ చూసి దిద్దడం మొదలెడితే, అయిపోయిన పనినే మళ్లీ చేస్తారు. ఉబుంటు 22.04తో వచ్చేది గిట్ 2.34, 24.04తో వచ్చేది 2.43. రెండూ పాతవే. అందుకే ‘మాస్టర్’ బ్రాంచ్‌లోని పాఠమే చదవండి. ‘నెక్స్ట్’, ‘సీన్’ బ్రాంచ్‌లలో అదే ఫైలు మీద ఏవైనా కమిట్లు వచ్చాయేమో కూడా ‘గిట్ లాగ్’ కొట్టి చూడండి. ‘మాస్టర్’కి ఇంకా చేరని మార్పులు అక్కడ ఉంటాయి.

3. చదివించడం

ఈ పనిలో అసలు సత్తువంతా ఇక్కడే ఉంది, చాలామంది దాటేసేదీ ఇదే. గిట్ బాగా తెలిసినవాళ్లకి పేజీలో ఏది అర్థం కాదో తెలియదు. తెలిసిపోయింది కదా, వాళ్ల కళ్లు ఆ వాక్యం మీద జారిపోతాయి. కాబట్టి కొత్తవాళ్లతోనే చదివించాలి.

ఐదారుగురు చాలు. ఇద్దరు గిట్ మొదలెట్టి మూడు నాలుగు నెలలైనవాళ్లు, ఇద్దరు ఏడాదిగా ఉద్యోగంలో వాడుతున్నవాళ్లు, ఒకరు గిట్ కాకుండా వేరే వెర్షన్ కంట్రోల్ నుంచి వచ్చినవారు. తణుకులోనో పాలకొల్లులోనో ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగులు ఇప్పుడు దొరకని ఊరు లేదు. రెండో రకం వాళ్లని అక్కడ వెతకండి.

పేజీని కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వండి. పేజీ అంతా వద్దు: పేరు, వాడే పద్ధతి, వివరణ, మొదటి ఐదారు ఆప్షన్లు. రెండు కాగితాలు దాటితే చదివేవాళ్లు అలిసిపోతారు, ఆ తర్వాత పెట్టే గుర్తులు నమ్మదగినవి కావు. చేతికి పెన్సిల్ ఇచ్చి మూడే గుర్తులు చెప్పండి: మాట తెలియకపోతే దాని చుట్టూ సున్నా, వాక్యం రెండోసారి చదవాల్సివస్తే కింద గీత, చదివాక భయం వేసిన చోట అడ్డగీత. తర్వాత ఒక చిన్న పని ఇచ్చి, ఆ కాగితం తప్ప వేరే ఏదీ చూడకుండా చేయమనండి. గిట్ స్టాష్ పేజీ అయితే, ‘మార్చిన ఒక పాత ఫైలూ, ఇంకా యాడ్ చేయని ఒక కొత్త ఫైలూ ఉన్నాయి, రెండిటినీ పక్కన పెట్టి బ్రాంచ్ మారండి’ అని ఇవ్వొచ్చు. చాలామంది వట్టి ‘గిట్ స్టాష్’ కొట్టి, కొత్త ఫైలు అక్కడే ఉండిపోయిందేమిటా అని బిత్తరపోతారు. ‘-యు’ ఇస్తే గానీ స్టాష్ ట్రాక్ కాని ఫైళ్లని తీసుకోదు. ఆ సంగతి పేజీలో ఉంది, వాళ్లు చదివిన చోట లేదు. మీరు దిద్దాల్సింది అదే.

‘అర్థమైందా?’ అని మాత్రం అడక్కండి. కోనసీమలో ఎవరిని అడిగినా ‘ఆయ్, అర్థమైందండి’ అనే అంటారు. అది మర్యాద, జవాబు కాదు. ‘ఇప్పుడు ఈ కమాండ్ కొడితే ఏమవుతుందో కొట్టకముందే చెప్పండి’ అనండి. చెప్పింది ఒకటీ జరిగింది మరొకటీ అయితే, వాళ్లు ఏ వాక్యం చదివి అలా అనుకున్నారో వేలు పెట్టి చూపించమనండి. ఆ వాక్యం సంఖ్యా, వాళ్లన్న మాటా ఉన్నదున్నట్టు రాసుకోండి. మధ్యలో వివరించబోకండి. మీరు నోరు తెరిస్తే అప్పటి నుంచి వాళ్లు చదివేది పేజీని కాదు, మీ మొహాన్ని.

4. తడబాట్లని వేరుచేయడం

కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కరే తడబడిన చోటుని వదిలేయండి. ఇద్దరో ముగ్గురో ఒకే చోట ఆగితే అదే మీ పని. ఎక్కువగా కనిపించే తడబాట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది ఒకే వస్తువుకి మూడు పేర్లు ఉండటం. ఇండెక్స్, స్టేజింగ్ ఏరియా, క్యాష్ మూడూ ఒకటే: తర్వాతి కమిట్‌లో ఏం ఉండాలో సిద్ధం చేసుకునే చోటు. ‘గిట్ డిఫ్’లో ‘--క్యాష్డ్’, ‘--స్టేజ్డ్’ రెండిటికీ అర్థం ఒకటే. ‘గిట్ అప్లై’ దగ్గరికి వచ్చేసరికి ‘--క్యాష్డ్’ అంటే ఇండెక్స్ మీద మాత్రమే, ‘--ఇండెక్స్’ అంటే ఇండెక్స్ మీదా పని డైరెక్టరీ మీదా. కొత్తవాళ్లు ఇక్కడ తలపట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. పేర్లని మీరు మార్చలేరు, పాత స్క్రిప్టులన్నీ విరిగిపోతాయి. ఆ మాట పేజీలో మొదటిసారి వచ్చిన చోటే రెండో పేరు కూడా చెప్పగలరు.

రెండోది, ఏమీ ఇవ్వకపోతే ఏం జరుగుతుందో చెప్పకపోవడం. ఆప్షన్లన్నీ వివరించి, ఏ ఆప్షనూ లేకుండా కొడితే ఏమవుతుందో ఎక్కడో మూడో పేరాలో దాస్తారు. ‘గిట్ పుష్’ని వట్టిగా కొడితే ఏం చేస్తుందనేది ‘పుష్.డీఫాల్ట్’ మీద ఆధారపడుతుంది. 2014లో వచ్చిన 2.0 నుంచి అది ‘సింపుల్’.

అన్నిటికంటే దారుణమైంది, పోయేదేదో చెప్పకపోవడం. దాని సంగతి కింద ఉంది.

ఇంకా ‘అవర్స్’, ‘దెయిర్స్’ లాంటి తలకిందులు కొన్ని ఉన్నాయి. రీబేస్ (మీ కమిట్లని వేరే బ్రాంచ్ మీద మళ్లీ పేర్చడం) జరుగుతున్నప్పుడు ‘అవర్స్’ అంటే ఏ బ్రాంచ్ మీదకి తెస్తున్నారో ఆ వైపు, ‘దెయిర్స్’ అంటే మీరు రాసిన కమిట్లు. మర్జ్‌లో అనుకునేదానికి సరిగ్గా ఎదురు. ఇది పేజీలో ఉంది. అయినా ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఇక్కడ తప్పుడు వైపు ఉంచేసుకుంటారు. ఉన్న వాక్యాన్ని మార్చడం కంటే, కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన మనిషి చూసే చోటికి దాన్ని జరపడమే ఇలాంటప్పుడు మేలు.

5. రాసేముందు కొట్టి చూడడం

మీకు గుర్తున్నదాన్ని బట్టి ఒక్క వాక్యం కూడా రాయకండి. ప్రతి మాటకీ ఒక చిన్న ప్రయోగం ఉండాలి, అదీ శుభ్రమైన చోట. మీ సొంత సెట్టింగులు ప్రయోగాన్ని పాడుచేస్తాయి: ‘పుల్.రీబేస్’ ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయి ఉంటారు, ‘పుల్ ఇలా చేస్తుంది’ అని అందరి తరఫునా రాసేస్తారు. ‘గిట్_కాన్ఫిగ్_గ్లోబల్=/డెవ్/నల్’ అని ముందు పెట్టి కమాండ్ నడపండి, మీ సెట్టింగుల ఫైలు లెక్కలోకి రాదు. అప్పుడు పేరు, ఈమెయిల్ అడుగుతుంది. వాటిని ప్రయోగం రిపాజిటరీలోనే విడిగా పెట్టండి.

రెండో జాగ్రత్త వెర్షన్. మీరు దిద్దుతున్న పేజీ ‘మాస్టర్’ ప్రవర్తనని చెప్పాలి. కాబట్టి సోర్సులోనే ‘మేక్’ కొట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘బిన్-రాపర్స్’ డైరెక్టరీలో ఉన్న ‘గిట్’తో ప్రయోగాలు చేయండి. కర్ల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేక బిల్డ్ ఆగిపోతే ‘నో_కర్ల్=1’ ఇవ్వండి. పుష్, పుల్ ప్రయోగాలకి నెట్ అక్కర్లేదు, పక్క డైరెక్టరీలో ‘గిట్ ఇనిట్ --బేర్’ చేసిన రిపాజిటరీయే రిమోట్‌గా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ. ‘గిట్ రిస్టోర్’ 2019 ఆగస్టులో 2.23తో వచ్చింది. ‘ఫైలుని చివరి కమిట్‌లో ఉన్నట్టు తెస్తుంది’ అని దాని గురించి చాలామంది రాస్తారు. కొట్టి చూడండి: ఫైలులో ఒక వరస రాసి కమిట్ చేయండి, రెండో వరస రాసి యాడ్ చేయండి, మూడో వరస రాసి ఊరుకోండి. ఇప్పుడు ఆ ఫైలు మీద ‘గిట్ రిస్టోర్’ కొడితే మూడో వరస పోతుంది, రెండోది ఉంటుంది. అంటే అది తెచ్చింది ఇండెక్స్ నుంచి, కమిట్ నుంచి కాదు. ‘--స్టేజ్డ్’ ఇస్తే అది హెడ్ (చివరి కమిట్) నుంచి తెస్తుంది, అప్పుడు మారేది ఇండెక్స్. రెండు నిమిషాల ప్రయోగం ఒక తప్పు వాక్యాన్ని ఆపింది.

పోయేవాటి గురించి రాసేటప్పుడు ఈ పట్టింపు ఇంకా ఎక్కువ ఉండాలి. ‘గిట్ రీసెట్ --హార్డ్’ తర్వాత ఏది దొరుకుతుంది? కమిట్ చేసింది దొరుకుతుంది. ‘గిట్ రెఫ్‌లాగ్’లో పాత హెడ్ కనిపిస్తుంది. డీఫాల్ట్‌గా ఆ నమోదులు 90 రోజులు, బ్రాంచ్ నుంచి చేరుకోలేని కమిట్లవి 30 రోజులు ఉంటాయి. యాడ్ చేసి కమిట్ చేయనిది కూడా సాధారణంగా దొరుకుతుంది, కానీ పేరు లేకుండా: ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్’ కొడితే ఆ ముక్కలు బయటపడతాయి, ఏది ఏ ఫైలో తెరిచి చూసుకోవాలి. అసలు యాడే చేయని మార్పు పోయినట్టే, గిట్ దాన్ని ఎప్పుడూ చూడలేదు. ‘జాగ్రత్తగా వాడండి’ అనే హెచ్చరిక కంటే ఈ మూడు వాక్యాలే చదివేవాళ్లకి పనికొస్తాయి. వట్టి హెచ్చరిక భయాన్ని పెంచుతుంది గానీ ఏం చేయాలో చెప్పదు.

6. వాక్యం రాయడం

గిట్ సోర్సులో ‘కోడింగ్ గైడ్‌లైన్స్’ అనే ఫైలు ఉంది. అందులో డాక్యుమెంటేషన్ రాసే పద్ధతికి ఒక భాగం ఉంది, దాన్ని ముందు పూర్తిగా చదవండి. ముఖ్యమైనవి ఇవి: టైపు చేయాల్సినదేదైనా బ్యాక్‌టిక్‌ల మధ్య, చదివేవాళ్లు తమది పెట్టుకోవాల్సిన చోటు కోణపు బ్రాకెట్ల మధ్య. వాడే పద్ధతి చెప్పే వరసలో చదరపు బ్రాకెట్ అంటే ఇవ్వకపోయినా ఫర్వాలేదని, నిలువు గీత అంటే ఇదో అదో అని, మూడు చుక్కలంటే ఎన్నైనా ఇవ్వొచ్చని. స్పెల్లింగ్ అమెరికన్ పద్ధతి.

మొదటి పేరా ఎలా ఉండాలనేదానికి గిట్ యాడ్ మంచి పాఠం. చాలా ఏళ్లు ఆ పేజీ మొదటి వాక్యం సారాంశం ఇది: పని డైరెక్టరీలో ప్రస్తుతం ఉన్న పాఠంతో ఇండెక్స్‌ని తాజా చేస్తుంది, తర్వాతి కమిట్ కోసం స్టేజ్ అయిన పాఠాన్ని సిద్ధం చేయడానికి. తప్పేమీ లేదు. కానీ ఇండెక్స్ అంటే తెలియనివాళ్లకి అందులో పట్టుకోవడానికి ఒక్క మాటా లేదు. అదే విషయాన్ని ‘కొత్త ఫైళ్లనీ మారిన ఫైళ్లనీ ఇండెక్స్‌లో చేరుస్తుంది, తర్వాతి కమిట్‌లో ఏం ఉండాలో సిద్ధం చేసుకునే చోటు ఇండెక్స్, దీన్నే స్టేజింగ్ ఏరియా అనీ అంటారు’ అంటే, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ సరిపోతుంది. చేసే పని ముందు, మాట అర్థం వెంటనే, మినహాయింపులు తర్వాత.

అయితే సులువు చేసే ఉత్సాహంలో నిజాన్ని వదులుకోకండి. ‘గిట్ కమిట్ -ఎ మార్పులన్నీ కమిట్ చేస్తుంది’ అనేది చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ తప్పు. ట్రాక్ కాని కొత్త ఫైళ్లని అది ముట్టుకోదు. గిట్ పేజీలు నేర్పే పాఠాలు మాత్రమే కావు, తేల్చుకునే చోట్లు కూడా. పాత మినహాయింపుని తీసేస్తున్నారంటే అది ఇప్పుడు వర్తించదని మీరు ప్రయోగంతో చూపించగలగాలి.

ఉదాహరణలు చేర్చండి, కానీ కొన్నే. ఒక్కో ఉదాహరణ ఒక్క పని చూపించాలి. అధికారిక పేజీలో పేర్లు సాదాగా ఉండాలి, మన చెరువుల పేర్లు అక్కడ పెట్టకండి. వాటికి చోటు కింద చెప్పబోయే తెలుగు పేజీలో ఉంది.

పేరాని మళ్లీ సర్దకండి. ఒక మాట మార్చి, ఎడిటర్‌తో వరసలన్నీ సమం చేయిస్తే పది వరసల డిఫ్ వస్తుంది. చూసేవాళ్లకి ఆ ఒక్క మాట కనపడదు. వరసలు ఎగుడుదిగుడుగా ఉన్నా ఫర్వాలేదు, తయారైన పేజీలో అవి ఎలాగూ కలిసిపోతాయి. మీ మార్పుని మీరే ‘గిట్ డిఫ్ --వర్డ్-డిఫ్’తో చూసుకోండి, మారిన మాటలు మాత్రమే కనిపిస్తాయి.

7. ఆస్కీడాక్ దెబ్బలు

బ్యాక్‌టిక్‌లు లేకుండా రెండు హైఫన్లు, అటూ ఇటూ ఖాళీలతో రాస్తే అవి పొడవాటి గీతగా మారిపోతాయి. చదివేవాళ్లు దాన్ని కాపీ చేసి కొడితే కమాండ్ నడవదు. ‘హెడ్^’, ‘హెడ్~’ లాంటివి ఒక పేరాలో రెండుసార్లు వస్తే మధ్యలో ఉన్న మాటలు పైకో కిందకో లేచిన చిన్న అక్షరాలవుతాయి. వీటన్నిటికీ మందు బ్యాక్‌టిక్కే.

ఆప్షన్ వివరణలో రెండో పేరా ఉంటే, మధ్యలో ఖాళీ వరసకి బదులు ఒంటరి ‘+’ గుర్తున్న వరస ఉండాలి. లేకపోతే రెండో పేరా ఆ ఆప్షన్ నుంచి విడిపోయి ఎడమ అంచుకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఆప్షన్లు కూడా ఒక్కోసారి దానితో పాటే చెదురుతాయి.

ఇంకొకటి పంచుకునే ఫైళ్లు. గిట్ డిఫ్, గిట్ లాగ్, గిట్ షో, గిట్ ఫార్మాట్-ప్యాచ్ పేజీలన్నీ ‘డిఫ్-ఆప్షన్స్.ఎడాక్’ అనే ఒకే ఫైలుని లోపలికి లాక్కుంటాయి. లాకు దగ్గర తలుపు ఓ జానెడు ఎత్తితే కింద బోదెలన్నిటికీ నీటిమట్టం మారినట్టు, ఇక్కడ ఒక వాక్యం దిద్దితే నాలుగైదు పేజీలు మారతాయి. గిట్ డిఫ్‌కి సరిపోయిన మాట గిట్ లాగ్‌లో అబద్ధం కావొచ్చు. ఏ పేజీలు ఆ ఫైలుని లాక్కుంటున్నాయో ‘గిట్ గ్రెప్’తో చూసి, అన్నీ తయారుచేసి చదవండి. కాన్ఫిగ్ సెట్టింగుల వివరణలకీ ఇదే వర్తిస్తుంది. అవి ‘కాన్ఫిగ్’ సబ్‌డైరెక్టరీలో ఉండి చాలా పేజీల్లోకి వెళతాయి.

8. తనిఖీ

ముందు ‘గిట్ డిఫ్ --చెక్’, వరస చివర మిగిలిపోయిన ఖాళీలు బయటపడతాయి. తర్వాత ‘మేక్ -సి డాక్యుమెంటేషన్ లింట్-డాక్స్’. పేజీల మధ్య లింకులు సరైన చోటికి వెళుతున్నాయా, పేజీలో భాగాలు ఒప్పుకున్న వరుసలోనే ఉన్నాయా అని అది చూస్తుంది.

అసలు పనిముట్టు ‘డాక్-డిఫ్’. డాక్యుమెంటేషన్ డైరెక్టరీలోకి వెళ్లి ‘./డాక్-డిఫ్ --ఆస్కీడాక్టర్ హెడ్^ హెడ్’ అని కొట్టండి. మార్పుకి ముందూ తర్వాతా మ్యాన్ పేజీలన్నిటినీ తయారుచేసి వాటి మధ్య తేడా చూపిస్తుంది. మీరు ఒక పేజీలో దిద్దారనుకుంటే మూడు పేజీల్లో తేడా కనిపించవచ్చు. మార్కప్ తప్పులు కూడా ఇక్కడే దొరుకుతాయి. ఇది కమిట్లని పోలుస్తుంది కాబట్టి ముందు కమిట్ చేయాలి. మొదటిసారి చాలాసేపు పడుతుంది, మొదలెట్టి టీకి వెళ్లి రావచ్చు.

వాడే పద్ధతి వరసని ముట్టుకున్నారా? అదే వరస సీ కోడులో ‘-హెచ్’ ఇచ్చినప్పుడు కనిపించే సందేశంలో కూడా ఉంటుంది. రెండూ ఒకేలా ఉన్నాయా అని చూసే టెస్ట్ నంబర్ టీ0450. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఆ టెస్ట్ ఫెయిలవుతుంది. పేజీ దిద్దడంలో సీ ఫైలు తెరవాల్సివచ్చే సందర్భం దాదాపు ఇదొక్కటే, అక్కడ కూడా మార్చేది కోట్‌ల మధ్య ఉన్న పాఠమే.

యంత్రాల తనిఖీ అయ్యాక, కొత్త పేరాని ఇంతకుముందు చదవని ఇద్దరితో చదివించి అదే పని చేయించండి. పాతవాళ్లు పనికిరారు, వాళ్లకి జవాబు తెలిసిపోయింది.

9. కమిట్, పంపడం

ఒక తడబాటుకి ఒక కమిట్. అక్షరదోషం దిద్దడం, పేరా తిరగరాయడం, పాత మార్కప్‌ని కొత్త పద్ధతిలోకి మార్చడం: మూడూ ఒకే కమిట్‌లో కలిపితే మూడోదాని మీద వచ్చిన అభ్యంతరం మొదటిదాన్ని కూడా ఆపేస్తుంది.

కమిట్ సందేశం మొదటి వరస 50 అక్షరాల దగ్గర ఆగాలి, ‘డాక్:’ అనో ఫైలు పేరుతోనో మొదలవ్వాలి. కింద పేరాలో ముందు సమస్య, వర్తమానకాలంలో: ఈ వాక్యం చదివినవాళ్లు ఫలానా అనుకుంటున్నారు, జరిగేది ఫలానా. తర్వాత మార్పు, ఆజ్ఞాపించే క్రియతో. ‘మెరుగుపరిచాను’, ‘స్పష్టం చేశాను’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఎవరికి, ఎక్కడ, ఏమని అర్థమైందో చెప్పాలి. మూడో మెట్టులో రాసుకున్న కాగితాలు ఇక్కడ అక్కరకొస్తాయి. ‘గిట్ కమిట్ -ఎస్’ కొడితే చివర మీ సంతకం వరస చేరుతుంది. ఈ పాఠాన్ని ఇచ్చే హక్కు మీకుందని దాని అర్థం, అది లేకుండా తీసుకోరు.

గిట్‌హబ్‌లో గిట్ రిపాజిటరీ మీద నేరుగా పుల్ రిక్వెస్ట్ పెడితే కలిపేయరు. ప్యాచ్‌లన్నీ, అంటే మార్పుని పాఠంగా చూపే ఫైళ్లన్నీ, ఈమెయిల్‌గా వెళ్లాలి. ‘గిట్ సెండ్-ఈమెయిల్’ పెట్టుకోవడం కష్టమనిపిస్తే గిట్‌గిట్‌గ్యాజెట్ అనే బాట్ ఉంది, అది పుల్ రిక్వెస్ట్‌ని ఈమెయిల్ ప్యాచ్‌లుగా మార్చి పంపుతుంది. మొదటిసారి వాడేవాళ్లకి పాతవాళ్లెవరైనా ‘/అలౌ’ అని అనుమతి ఇవ్వాలి, తర్వాత మీరు ‘/సబ్‌మిట్’ అంటే వెళుతుంది. వచ్చిన ప్రతి వ్యాఖ్యకీ జవాబివ్వండి, ఒప్పుకోకపోతే ప్రయోగం చూపించండి. రెండో వెర్షన్ పంపేటప్పుడు మొదటిదానికీ దీనికీ తేడా జత చేయండి, ‘గిట్ ఫార్మాట్-ప్యాచ్’లో ‘--రేంజ్-డిఫ్’ దానికే ఉంది. మార్పు ముందు ‘సీన్’లో, ఆపైన ‘నెక్స్ట్’లో, చివరికి ‘మాస్టర్’లో కనిపిస్తుంది. వారమైనా ఎవరూ పలకకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయొచ్చు.

10. తెలుగు పేజీ

అధికారిక పేజీలకి అనువాదాలు వేరే ప్రాజెక్టులో, పీఓ ఫైళ్ల (ఇంగ్లిషు ముక్కా దాని అనువాదమూ జతగా ఉండే ఫైళ్ల) ద్వారా నడుస్తాయి. ఇంగ్లిషు పేరా మారగానే దాని అనువాదం తాజా చేయాల్సినదిగా గుర్తుపడుతుంది. మీ కాలేజీకో ఆఫీసుకో వెంటనే కావాలంటే, ఒక్కో కమాండుకీ ఒకటిన్నర పేజీ తెలుగు వివరణ విడిగా రాసుకోవడం మేలు. ఉదాహరణలు ఇక్కడ ఊరివే పెట్టండి: ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మేత లెక్కల ఫైలు, సార్వాకి ఒక బ్రాంచ్, దాళ్వాకి ఒక బ్రాంచ్. చదివేవాళ్లకి డేటా పరిచయమైతే, తెలియనిది గిట్ ఒక్కటే మిగులుతుంది.

తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. ఫైలుకి తెలుగు పేరు పెడితే ‘గిట్ స్టేటస్’ దాన్ని వెనక్కి వాలిన గీతలతో, 340, 260 లాంటి అంకెలతో చూపిస్తుంది. ఫైలు పాడైందనుకుని కొత్తవాళ్లు చెరిపేస్తారు. ‘గిట్ కాన్ఫిగ్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్’ అంటే పేరు మామూలుగా కనిపిస్తుంది. ఈ వరస మీ తెలుగు పేజీ మొదట్లోనే ఉండాలి. చాలా టెర్మినల్స్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి కాబట్టి తెలుగు పేజీని మ్యాన్ పేజీగా కాక హెచ్‌టీఎంఎల్‌గా ఇవ్వండి. శీర్షికకి కింద గీత గీసే పాత ఆస్కీడాక్ పద్ధతి వాడకండి. గీత పొడవు శీర్షిక అక్షరాల లెక్కకి దాదాపు సమానంగా ఉండాలి, తెలుగులో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి, కంటికి సమంగా కనిపించినా లెక్క తప్పుతుంది. శీర్షిక ముందు సమానం గుర్తులు పెట్టే పద్ధతికి ఈ బాధ లేదు.

పేజీ అడుగున, ఇది గిట్ ఏ కమిట్ దగ్గరి ఇంగ్లిషు పేజీని చూసి రాసిందో ఆ కమిట్ సంఖ్య వేయండి. ఆరు నెలలకోసారి ఆ సంఖ్య నుంచి మాస్టర్ దాకా ఆ ఒక్క ఫైలు మీద ‘గిట్ లాగ్ -పి’ కొడితే ఏ పేరాలు మారాయో తెలుస్తుంది. వాటినే దిద్ది, కొత్త సంఖ్య వేస్తే సరి.